పిట్టగోడ చూపిన ఉత్తర దిక్కు

నేను ఒక యాంటెన్నాను. మీ చిన్నప్పుడు ఇంటి కప్పు మీద చేపముల్లులా నిలబడి, టీవీలో బొమ్మ వణికినప్పుడల్లా మీ చేత తిట్లు తిన్నదే, ఆ జాతే నాది. కాకపోతే దాన్ని ఒకవైపు తిప్పి పెడితే ఇక ఏళ్ల తరబడి కదిలే పని లేదు. నాకు ఆ సుఖం రాసిపెట్టి లేదు. నా పనే తిరగడం. ఆకాశంలో ఈ చివర లేచి ఆ చివర దిగిపోయే ఒక చిన్న ఉపగ్రహం వెంట, అది పైన ఉన్నంతసేపూ మెడ తిప్పుకుంటూ ఉండాలి. ఎండ అనకూడదు, వాన అనకూడదు. ఇప్పుడు ఆ పని కూడా లేదు. అనంతపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, వర్క్‌షాపు వెనక, కాళ్లు విరిగిన బెంచీల మధ్య పడి ఉన్నాను. నా నడుముకు ఒక చీటీ కట్టారు. నేను చెడిపోయానని దాని మీద రాసి ఉంది. అది నిజం కాదు. వాదించే ఓపిక నాకు లేదు గానీ, ఎలా జరిగిందో చెప్పగలను.

నా వెన్నెముక ఒక కిటికీ కావలసిన అల్యూమినియం గొట్టం. టౌన్లో కిటికీలూ తలుపులూ చేసే షాపులో గోడకు ఆనించి ఉండగా, కాలేజీ పిల్లలు ఇద్దరు వచ్చి కొన్నారు. సన్నటి కడ్డీలు కూడా కావాలన్నారు, ఒక్కొక్కటీ ఒక్కో కొలత, వెంట్రుకవాసి తేడా రాకూడదన్నారు. షాపతను విసుక్కుంటూ కోశాడు.

"ఇన్ని ముక్కలు దేనికప్పా, కోళ్లగూడు కడ్తారా?" అని అడిగాడు.

"ఉపగ్రహంతో మాట్లాడేదానికి" అన్నాడు ఆ ఇద్దరిలో తిప్పేస్వామి.

"అదేం మాట్లాడుతాది మీతో?" అన్నాడు షాపతను. చాలా కాలం నాకూ అదే సందేహం ఉండేది.

తిప్పేస్వామి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాడు. ఉపగ్రహం ఎప్పుడు ఎటు వస్తుందో లెక్కకట్టి నన్ను తిప్పే ప్రోగ్రాము అతనిదే. రెండో మనిషి మాబున్నీ. కళ్యాణదుర్గం రోడ్డులో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు వాళ్ల నాన్నది. కాలిపోయిన మోటార్ల వాసనలో పెరిగింది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే ఆమె చేయి వణకడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. నా కడ్డీలు బిగించింది ఆమే, నా తీగకు కొస అతికించిందీ ఆమే. అయితే నేను ఆమెకు పక్కపని. ఆమె అసలు పని ఉపగ్రహంలోని బ్యాటరీ బోర్డు. ఎండ తగిలినప్పుడు వచ్చే కరెంటును బ్యాటరీలో నింపి, చీకట్లో ఉన్నప్పుడు మిగతా భాగాలన్నిటికీ పంచేది ఆ బోర్డే. అది ఆగితే ఉపగ్రహం మొత్తం ఆగినట్టే.

ఆ ఉపగ్రహానికి గువ్వ అని పేరు పెట్టారు. స్వీట్ షాపులో కిలో మైసూర్‌పాక్ పెట్టి ఇచ్చే డబ్బా అంత ఉంటుంది. దాని కోసం ఒక తరం పిల్లలు మొదలుపెట్టి చదువు ముగించుకుని వెళ్లిపోతే, తర్వాతి తరం వాళ్లు అందుకున్నారు. మాబున్నీ మాత్రం వెళ్లలేదు. డిగ్రీ చేతికొచ్చినా, గువ్వ ఎగిరి మాట్లాడేదాకా ఉంటానని ప్రాజెక్టు అసిస్టెంటుగా ఉండిపోయింది. జీతం ఎంతో నేను అడగలేదు, ఆమె నాన్న మాత్రం ఫోన్లో అడుగుతూ ఉండేవాడు.

ఇక దిక్కుల సంగతి. నా కథంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త శ్రద్ధగా వినండి.

నన్ను కాలేజీ మెయిన్ బిల్డింగ్ కప్పు మీద ఎక్కించి, తిప్పే మోటారు పెట్టె మీద బిగించారు. ఆ మోటారుకు ఉత్తరం ఎటో ఒక్కసారి చూపించాలి. అక్కడి నుంచి మిగతా దిక్కులన్నీ అది లెక్కపెట్టుకుంటుంది. తిప్పేస్వామి ఫోన్లో కంపాస్ తెరిచాడు. నీళ్ల ట్యాంకు దగ్గర ఒక ఉత్తరం చూపించింది, మెట్ల గది దగ్గర ఇంకో ఉత్తరం చూపించింది. కప్పు నిండా ఇనుము, పక్కన సెల్ టవరు. పాపం కంపాస్ మాత్రం ఏం చేస్తుంది? కుర్రవాళ్లు తలా ఒక దిక్కుకు చెయ్యి చాపి కొట్లాడుకుంటుంటే రుద్రముని సార్ పైకి వచ్చారు.

రుద్రముని సార్ ఎలక్ట్రానిక్స్ శాఖకు పెద్ద. తడి రుమాలు నెత్తిన వేసుకోకుండా కప్పు మీద కాలు పెట్టరు. మంచివారే, కోపం వచ్చినా తొందరగా పోతుంది. ఆయన ఒక నిమిషం విని, నవ్వి, పిట్టగోడ మీద అరచేత్తో చరిచారు.

"కంపాస్ ఎందుకురా మీకు? ఓబులయ్య శెట్టి గారు కట్టిచ్చిన బిల్డింగ్ ఇది. సిద్ధాంతిని నిలబెట్టి, దారం పట్టి, అణుమాత్రం తేడా లేకుండా కట్టిచ్చినాడు. ఈ గోడ ఎటు పోతాందో అదే ఉత్తరం. దీనికి సమానంగా పెట్టండి."

అందరూ "అవును గదా" అన్నారు. ఎవరికీ అనుమానం రాలేదు. రాకపోవడానికి కారణం ఉంది. ఓబులయ్య శెట్టి గారు కాలేజీ ఛైర్మన్. ఒకప్పుడు ఆయనకు వేరుశనగ నూనె మిల్లు ఉండేది, అది కాలిపోయింది. స్థలానికి వాస్తు దోషం ఉందని సిద్ధాంతి చెప్పాడు. అప్పటి నుంచి ఆయన సిద్ధాంతిని అడగకుండా గోడకు మేకు కూడా కొట్టించరు. ఒకసారి ఈశాన్యంలో బాత్రూములు ఉన్నాయని ఎవరో అంటే, పరీక్షలు జరుగుతుండగానే ఆ వైపంతా పగలగొట్టించారు. పిల్లలు సుత్తి దెబ్బల మధ్య పరీక్ష రాశారు. అలాంటి మనిషి కట్టించిన గోడ వంకరగా ఉంటుందని ఎవరు అనుకుంటారు? వాళ్ల జేబుల్లో ఫోన్లు ఉన్నాయి, ఆ ఫోన్లలో పైనుంచి తీసిన మ్యాపులు ఉన్నాయి. తెలిసిన విషయాన్ని మళ్లీ ఎందుకు చూడాలని ఒక్కరూ తెరిచి చూడలేదు.

తిప్పేస్వామి నన్ను పిట్టగోడకు సమానంగా నిలబెట్టి, ఇదే ఉత్తరమని మోటారుకు చెప్పాడు. నాకు ఎవరు ఏది చెబితే అదే. దిష్టి తగలకుండా అటెండరు నాకు ఒక నిమ్మకాయా, నాలుగు పచ్చిమిరపకాయలూ కట్టాడు. రెండు రోజులకు అవి ఎండి రాలిపోయాయి.

గువ్వ ఎగిరింది. ఒక పెద్ద ఉపగ్రహాన్ని మోసుకుపోయే రాకెట్‌లో, ఇంకొన్ని చిన్నవాటితో కలిసి ఇరుక్కుని వెళ్లింది. ఆ రోజు కాలేజీ అంతా టీవీ ముందు కూర్చుంది. అరుపులూ చప్పట్లూ నా దాకా వినిపించాయి. నా తీగ కింది గదిలోకి దిగుతుంది కదా, అక్కడి మాటలు నాకు తెలుస్తూ ఉంటాయి. ఎలా అని అడగకండి.

తర్వాత నా వంతు వచ్చింది. గువ్వ దక్షిణాన కొండల మీద లేస్తుందని ప్రోగ్రాము చెప్పింది. నేను అటు తిరిగాను. అటు అని వాళ్లు చెప్పిన వైపు తిరిగాను అనడం సరైనది. గదిలో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. హోరు తప్ప ఏమీ లేదు. అది నడినెత్తికి వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారి కిచకిచమంది. పిల్లలు ఎగిరి గంతేశారు. వెంటనే తెగిపోయింది. మళ్లీ హోరు.

అలాగే నడిచింది. దూరంగా, ఆకాశం అంచున ఉన్నప్పుడు ఏమీ వినిపించదు. బాగా ఎత్తుకు వచ్చినప్పుడు నాలుగు కూతలు కూస్తుంది. ఎత్తున ఉన్నప్పుడు నా చూపు ఎటు తిరిగి ఉన్నా పెద్ద తేడా రాదు, అంతా నెత్తి మీదే కాబట్టి. కానీ అక్కడ అది ఎంత వేగంగా దాటిపోతుందంటే, నా మోటారు మూలుగుతూ తిరిగేలోపే వెళ్లిపోతుంది. వచ్చిన కూతలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి. గువ్వ కూతలో దాని ఆరోగ్యమంతా ఉంటుంది, బ్యాటరీ ఎంత ఉంది, ఒళ్లు ఎంత వేడిగా ఉంది అని. చెవికి వినిపించిన ఆ ముక్కలు అంకెలుగా మారేవి కావు.

నేను అలసిపోయాను. తప్పు దిక్కుకు చూస్తున్నానని నాకు తెలుసునా అంటే, తెలియదు. ఎటు తిప్పితే అటు తిరిగేదాన్ని, ఖాళీ ఆకాశంలోకి చెవి పెట్టేదాన్ని, ఏమీ తెచ్చి ఇవ్వలేక మళ్లీ మొదటి చోటుకు వచ్చి నిలబడేదాన్ని. పనిచేసి అలసిపోవడం వేరు. రోజూ వట్టి చేతులతో తిరిగి రావడం వేరు. నా కడ్డీల మీద పావురాలు కూర్చుని రెట్టలు వేసేవి, వాటిని తోలే ఆసక్తి కూడా ఎవరికీ లేకపోయింది.

మనుషులకు ఏదైనా చెడిపోతే ముందుగా కావలసింది ఒక పేరు. ఆ పేరు దొరికితే సగం బరువు దిగిపోతుంది. వాళ్లకు దొరికింది.

"బ్యాటరీ బోర్డే, మాబున్నీ" అన్నారు రుద్రముని సార్. "ఎండలో ఉన్నంతసేపు కొంచెం ఛార్జ్ అవుతాది. ఒక్క కూత కూస్తాది, పడుకుంటాది. ఇంకేముంటాది?"

"బోర్డు బాగుండాది సార్. వేడిలో పెట్టినా, చలిలో పెట్టినా, అన్నీ చూసినా. ఒక్కసారి కూడా ఆగల్యా."

"కింద ఆగదమ్మా. పైన ఆగుతాది. అదే గదా అంతరిక్షమంటే."

ఆమె ఇస్త్రీ చేసిన తన చున్నీ అంచును వేలికి చుట్టుకుంటూ నిలబడింది. బ్యాటరీ బోర్డే పాడైందన్న మాట కాలేజీ అంతా పాకింది. ఛైర్మన్ గారి దాకా కూడా వెళ్లింది. క్యాంటీన్లో ఎవరి ఫోనైనా ఆగిపోతే "మాబున్నీ బ్యాటరీ అయిపాయె" అని నవ్వుకోవడం మొదలుపెట్టారు. మొదటి సంవత్సరం పిల్లలు, ఆమె ఎవరో తెలియనివాళ్లు కూడా, ఆ మాట వాడేవారు. బెంగళూరులో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు వెళితే అక్కడ ఎవరో అడిగారట, ఆ ఫెయిలైన బోర్డు మీదేనా అని. తిరిగి వచ్చాక ఆమె కప్పు మీదికి వచ్చి, నా స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది. చాలాసేపు ఏడ్చింది. నా ఇనుప కాలుకు ఆమె ఒళ్లు వణకడం తెలిసింది. అంతకుముందు నాకు గువ్వ మీద జాలి వేసేది. ఆ రోజు నుంచి ఈ పిల్ల మీదే జాలి.

ప్రాజెక్టు మూసేసే సమయం దగ్గరపడింది. గువ్వ ఎందుకు పనిచేయలేదో రాసి పంపాలి. రుద్రముని సార్ బ్యాటరీ అని రాయబోతున్నారు. ఒకసారి అది కాగితం మీదకు ఎక్కితే, మాబున్నీ ఎక్కడికి పోయినా ఆమె పేరు పక్కనే నడిచి వస్తుంది.

అప్పుడు కేరళ నుంచి ఒకాయన మెయిల్ పంపాడు. ఇంట్లో రేడియో పెట్టుకుని ఉపగ్రహాల కూతలు వినడం సరదా అట ఆయనకు. మీ గువ్వ నిన్న సముద్రం మీదుగా పోతూ చక్కగా కూసింది, అభినందనలు అని రాశాడు. రుద్రముని సార్ చదివి పెదవి విరిచారు. ఆ రాకెట్టు వదిలిన వాటిలో ఇంకేదో అయి ఉంటుందన్నారు. మాబున్నీ వెంటనే ఆ కేరళ ఆయనకు రాసి, రికార్డు చేశారా అని అడిగింది. చేయలేదు, చెవితో విని సంతోషించాను అని జవాబు వచ్చింది. దాంతో ఎవరికీ ఏదీ రుజువు కాదు. కానీ ఆమె ఆ మెయిల్ తెరిచి మళ్లీ మళ్లీ చదవడం నాకు తెలుసు.

మర్నాడు ఉదయం ఆమె ఒక్కతే కప్పు మీదికి వచ్చింది. ల్యాప్‌టాప్ తెచ్చుకుంది. గువ్వ వచ్చే వేళ కాదు. ఏం చేస్తుందా అని చూశాను. ప్రోగ్రాములో గువ్వను తీసేసి సూర్యుణ్ణి పెట్టింది. సూర్యుడు ఏ క్షణంలో ఎక్కడ ఉంటాడో ఆ ప్రోగ్రాముకు బాగా తెలుసు. నేను మూలుగుతూ తిరిగి, సూర్యుడు ఇక్కడ ఉన్నాడని చెప్పిన చోటికి ముక్కు పెట్టాను.

ఆమె నా వైపు చూడలేదు. నా నీడ వైపు చూసింది. నేను నిజంగా సూర్యుడి వైపు చూస్తూ ఉంటే, నా ఇంత పొడుగు ఒళ్లూ నీడలో ముడుచుకుపోయి, కడ్డీల నీడలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటే గీతలా ఉండాలి. అలా లేదు. నా నీడ పక్కకు సాగి, చేపముల్లు చేపముల్లుగానే నేల మీద పరుచుకుని ఉంది.

ఆమె మెల్లగా నన్ను పక్కకు తిప్పింది. ఇంకొంచెం. ఇంకొంచెం. సగం తెరిచిన కిటికీ రెక్కను ఇంకా లోపలికి తోసినట్టు, చాలానే తిప్పాల్సి వచ్చింది. అప్పుడు నా నీడ ముడుచుకుంది. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

మొదట బోల్టులు వదులై నేనే తిరిగిపోయానని అనుకుంది. రెంచి పెట్టి చూసింది, గట్టిగా ఉన్నాయి. తిప్పేస్వామికి ఫోన్ చేసింది. అతనికి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లి చాలా రోజులైంది.

"తిప్పే, నువ్వు ఉత్తరం ఎట్ల పెట్టినావ్?"

"పిట్టగోడకు సమానంగా. సార్ చెప్పినాడు గదా. యాలా?"

ఆమె ఫోన్ పెట్టేసి మ్యాపు తెరిచింది. ఆకాశం నుంచి తీసిన బొమ్మలో మా బిల్డింగ్ ఉంది. ముందున్న రోడ్డుకు చక్కగా ముఖం పెట్టి కూర్చుంది. ఆ రోడ్డే వంకర. శంకుస్థాపన రోజు సిద్ధాంతి దిక్కులు సరిగ్గానే పెట్టి ఉండవచ్చు. ఆయన తాంబూలం తీసుకుని వెళ్లాక, రోడ్డుకు ఎదురుగా ఉంటే బాగుంటుందని ఎవరో దారాన్ని కాస్త జరిపి ఉంటారు. ఎవరు జరిపారో ఎవరికి తెలుసు? ఎవరికీ చెప్పలేదు, బిల్డింగ్ లేచింది, రంగు వేశారు, అందరూ అందులో కొబ్బరికాయలు కొట్టుకుంటూ బతుకుతున్నారు.

మాబున్నీ నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి మళ్లీ ఏడ్చింది. కొత్త ఉత్తరాన్ని మోటారుకు చెప్పింది. మధ్యాహ్నం గువ్వ దక్షిణాన కొండల మీద లేచింది. నేను అటు తిరిగాను.

ఎలా చెప్పను? అంచు మీద తల ఎత్తగానే వినిపించింది. రైలు దగ్గరికొస్తున్నప్పటి కూతలా సన్నగా, తీక్షణంగా మొదలై, నెత్తి మీదికి వచ్చి, దూరమయ్యేకొద్దీ గొంతు బొంగురుపోతూ అవతలి అంచు దాకా ఒక్కచోట కూడా తెగలేదు. నేను దాన్ని మొదటిసారి పూర్తిగా విన్నాను. కింది గదిలో అంకెలు వరసగా పడ్డాయి. రుద్రముని సార్ కళ్లజోడు తుడుచుకుని చూశారు. బ్యాటరీ నిండుగా ఉంది. మొదటి రోజు నుంచీ నిండుగానే ఉండి ఉండాలి. ఎవరూ తన వైపు చూడకపోయినా అది రోజూ వచ్చి కూసి వెళుతూనే ఉంది.

సార్ మాబున్నీ తల మీద చెయ్యి పెట్టారు. "తప్పు మాదేనమ్మా" అన్నారు. ఆయనకు నిజంగానే బాధ కలిగింది. తర్వాత ఆమె కారణం చెప్పింది. ఆయన ముఖం మారిపోయింది.

"మెల్లగా మాట్లాడు. ఈ మాట కింద ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు సార్."

"చెప్పొద్దు. నీకు తెల్దా ఆయన సంగతి? బిల్డింగే దిక్కు తప్పిందంటే ఊరుకుంటాడా? రేపటికే సుత్తులు పెట్టిస్తాడు. ఏడాది మధ్యలో వెయ్యి మంది పిల్లోళ్లను యాడ కూర్చోబెట్టేది? బాత్రూములకే నెల పట్టె."

ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు.

వారం లోపు ఛైర్మన్ గారు అటెండరు చేత శాలువా పట్టించుకుని కప్పు మీదికి వచ్చారు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి, ఆయాసపడుతూ, పిట్టగోడ మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. గువ్వ కూత స్పీకర్లో వినిపించారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. నేను అబద్ధం చెప్పను, ముసలాయన మీద నాకు ఇష్టమే కలిగింది.

"మన కాలేజీ డబ్బానేనా ఇది కూసేది?" అన్నారు. మాబున్నీకి శాలువా కప్పారు. తర్వాత వ్యాపారం చేసిన మనిషికి రావలసిన ప్రశ్నే ఆయనకూ వచ్చింది. "ఇన్నాళ్లు ఎందుకు వినపడల్యా మరి?"

రుద్రముని సార్ రుమాలు సర్దుకున్నారు. "యాంటెన్నా సార్. దాంట్లో లోపం ఉండె" అన్నారు.

ఛైర్మన్ గారు మాబున్నీ వైపు తిరిగారు. "నువ్వు చెప్పు పాపా. నాకి బ్యాటరీ అని గదా చెప్పిరి. అది నువ్వు చేసిందే గదా?"

"బ్యాటరీ కాదు సార్" అంది ఆమె వెంటనే.

"మరేమి?"

ఆమె ఛైర్మన్ గారి చెయ్యి వైపు చూసింది. ఆయన ఆ పిట్టగోడను తెలియకుండానే మెల్లగా తడుతున్నారు, సొంత ఎద్దు వీపు తట్టినట్టు. తర్వాత ఆమె నా వైపు చూడబోయి, చూడలేక, నేల వైపు చూసింది.

"యాంటెన్నా సార్" అంది.

"అట్లయితే తీసి పారేయండి దాన్ని. మంచిది కంపెనీది తెప్పియ్యండి" అన్నారు ఆయన. అంతే. బ్యాటరీ పేరు పోయింది. బిల్డింగ్ పేరు రాలేదు. నోరు లేనిదాన్ని నేనొక్కదాన్నే ఉన్నాను, నా మీద పడింది. నన్ను ఎవరైనా అడిగి ఉంటే సరేనని ఉండేదాన్ని. అడగలేదు, అదే నాకు కాస్త కష్టంగా అనిపించింది.

మర్నాడు నన్ను విప్పారు. తాడు కట్టి దించుతుంటే మాబున్నీ అక్కడ లేదు. కొత్తది వచ్చాక దానికి ఉత్తరం పెట్టింది మాత్రం ఆమే, ఉదయపు ఎండలో, నీడ చూసి. పిట్టగోడకూ దానికీ పొంతన కుదరడం లేదని అటెండరు అడిగితే, కొత్త మోడల్ అలాగే ఉంటుందని సార్ చెప్పారట. వర్క్‌షాపు వాళ్లు నన్ను ఇక్కడ పడేసి చీటీ కట్టారు. వాన పడితే తడుస్తాను. గాలికి ఒక కడ్డీ వంగింది. తిరగాల్సిన పని లేకపోవడం మొదట్లో సుఖంగా ఉండింది, ఇప్పుడు అలవాటైపోయింది. మాబున్నీకి ఈ కాలేజీలోనే పాఠాలు చెప్పే ఉద్యోగం ఇచ్చారని విన్నాను. ఈ గోడ అవతల సైకిల్ షెడ్డు ఉంది, పిల్లలు మాట్లాడుకుంటూ పోతారు. "మాబున్నీ బ్యాటరీ" అన్న మాట వినిపించడం మానేసింది.

ఆమె ఇటు రాలేదు. చాలా కాలం రాలేదు. నాకు కోపం లేదని చెప్పడానికి నాకు దారి లేదు.

గువ్వ లాంటివి ఎక్కువ కాలం ఉండవు. కొంచెం కొంచెంగా కిందికి దిగుతూ దిగుతూ, ఒక రోజు గాలి దట్టంగా ఉన్న చోటికి వచ్చి కాలిపోతాయి. నిన్న మధ్యాహ్నం, క్లాసులు జరుగుతున్న వేళ, మాబున్నీ వర్క్‌షాపు వెనక్కి వచ్చింది. చీర కట్టుకుంది, చేతిలో సుద్దముక్క ఉంది. బెంచీల మధ్య దారి చేసుకుని నా దగ్గరికి వచ్చింది.

"పడిపాయ" అంది. చుట్టూ ఎవరూ లేరు, కాబట్టి నాతోనే అంది. "పొద్దున రాలేదు. నిన్న సాయంత్రం ఆఖరు. బ్యాటరీ నిండుగా ఉండె. చివరిదాకా."

నా వంగిన కడ్డీ మీద చెయ్యి వేసింది.

"నన్ను ఊరికే అన్నోళ్ల మింద నాకెంత కోపముండెనో నీకు తెలుసు. ఆ పొద్దు నేనూ అదే పని చేస్తిని."

అప్పుడే వాచ్‌మన్ అటు వచ్చాడు. ఈ వెనకవైపు సామాను ఎవరూ ఎత్తుకుపోకుండా చూడటం అతని పని. టీచరమ్మ పాత ఇనుము ముందు నిలబడి మాట్లాడటం చూసి అతనికి ఏమీ అర్థం కాలేదు.

"ఏం మేడమ్, ఇదేమన్నా కావల్నా? చెడిపోయిందంట గదా ఇది."

ఆమె ముఖం ఎర్రబడింది. నా నడుముకున్న చీటీని పట్టుకుని ఒక్క లాగు లాగింది. తీగ గట్టిగా ఉంది, మొదటిసారి రాలేదు. రెండు చేతులతో లాగితే తెగింది. ఆమె వేలు కోసుకుని రక్తం వచ్చింది.

"చెడిపోల్యా" అంది. గట్టిగానే అంది, గోడ అవతల సైకిల్ షెడ్డు దాకా వినిపించేంత గట్టిగా. "ఇది ఎప్పుడూ చెడిపోల్యా. మేం చూపిచ్చిన దిక్కే తప్పు. దీంది ఏ తప్పూ లేదు. ఈ బిల్డింగే వంకర."

వాచ్‌మన్ తలెత్తి బిల్డింగ్ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. ఆమె చేతికి కారుతున్న రక్తం చూసి, భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు.

"ముందు చెయ్యి కట్టుకోండి మేడమ్" అన్నాడు.

ఆమె కట్టుకుంది. గంట కొట్టారు, క్లాసుకు వెళ్లిపోయింది. ఈ మాట అతను ఎవరికైనా చెబుతాడో లేదో నాకు తెలియదు, చెప్పినా ఎవరూ నమ్మరు. నేను మాత్రం విన్నాను. అన్నాళ్లు ఆకాశంలోకి చెవి పెట్టి ఎదురుచూసినదాన్ని, నాకు కావలసిన మాట ఇంత దగ్గర నుంచి వస్తుందని అనుకోలేదు.